సగం బడి, సగం ఒడి

తల్లీ,

నిన్న రాత్రి నువ్వు ఫోన్‌లో అడిగిన మాట పొద్దున లేచాక కూడా నన్ను వదల్లేదు. "పెద్దమ్మా, బుడ్డోడికి మూడేళ్లు నిండాయి. టౌను కాన్వెంటు వ్యాను ఏడున్నరకే మా ఊరి మలుపులోకి వస్తుంది. ఎక్కించమంటావా? అంగన్‌వాడీకి పంపుదామంటే మీ అల్లుడు ఒప్పుకోవడం లేదు. అక్కడ గుడ్డు పెట్టి పంపిస్తారు, చదువేం చెబుతారు అంటున్నాడు" అన్నావు.

అది ఫోన్‌లో తేలే మాట కాదని కాగితం తీసుకున్నాను. కంభం, బేస్తవారిపేట, గిద్దలూరు మండలాల పల్లెల్లో ముప్పై ఏళ్లు ఒకటో తరగతి పిల్లలతో గడిపినదాన్ని. నీకు చెప్పకపోతే ఇంకెవరికి చెబుతాను? నా మాట ముందే చెప్పేస్తాను. వాణ్ణి అంగన్‌వాడీకే పంపు. రోజులో సగం బడి, సగం ఒడి. మూడేళ్లవాడికి అది చాలు. అంతకు మించి వద్దు.

ఎందుకో చెప్పాలంటే ముందు మీ తాత గురించి చెప్పాలి. ఆయన మార్కాపురంలో పలకల కార్ఖానాలో పనిచేసేవాడని నీకు తెలుసు. మార్కాపురం పలక పట్టని బడి లేదన్న రోజులవి. గని నుంచి వచ్చిన బండ ముందు కూర్చోగానే ఆయన ఉలి తీసేవాడు కాదు. బండను పక్కకు తిప్పి, అంచును వేలితో తడిమి, పొర ఎటు నడిచిందో చూసేవాడు. పొర దొరికాక ఉలి ఆనించి చిన్న దెబ్బ వేస్తే చాలు, రాయి పుస్తకం తెరిచినట్టు విచ్చుకునేది. పొర చూడకుండా కొడితే అంత పెద్ద బండా ముక్కలైపోయేది. ఎక్కడెక్కడి పిల్లల కోసమో పలకలు చేసిన ఆ మనిషి, సొంత కూతురికి ఐదో ఏడు వచ్చేదాకా పలక ఇవ్వలేదు. బియ్యంలో వేలు పట్టి అక్షరాభ్యాసం చేయించాకే, మూల కొంచెం విరిగిన పలక ఒకటి నా చేతిలో పెట్టాడు. ఆలోపు నేను కందికాయలు ఒలిచాను, చింతపిక్కలు లెక్కపెట్టాను, మట్టితో పొయ్యి చేసి ఉత్తుత్తి అన్నం వండాను. చదువు ఆగిందా? లేదు. ఆ పనుల్లోనే మొదలైంది.

టీచరునయ్యాక ఆ సంగతి మరీ బాగా అర్థమైంది. ఒకసారి ఒక పిల్లవాడు వచ్చి ఒకటో తరగతిలో చేరాడు. అంతకుముందు ఎక్కడో ఎల్‌కేజీ, యూకేజీ చదివాడు. పలక ఇస్తే మాట్లాడకుండా 'అ' నుంచి మొదలుపెట్టి కిక్కిరిసేట్టు రాసేశాడు. తల్లి ముఖం వెలిగిపోయింది. నేను మధ్యలో ఒక అక్షరం మీద వేలు పెట్టి ఇదేమిటి నాన్నా అని అడిగాను. చెప్పలేకపోయాడు. పోనీలే అని పలక తుడవబోతే రెండు చేతులూ వెనక్కి దాచుకుని "తప్పు రాశానా, కొడతారా?" అన్నాడు. ఆరేళ్లవాడు. చదువంటే వాడికి మిగిలింది ఆ భయమొక్కటే. ఆ భయం పోగొట్టడానికే నాకు సగం సంవత్సరం పట్టింది.

మూడేళ్ల పిల్లల మణికట్టులో ఎముకలు ఇంకా పూర్తిగా గట్టిపడవు. వేళ్లకు బలపం పట్టే బలం రాకముందే రోజుకు నాలుగు పేజీలు రాయిస్తే అక్షరం వస్తుందేమో కానీ, అక్షరం మీద ప్రేమ రాదు. ఆ వేళ్లకు ముందు మట్టి కావాలి, ఇసుక కావాలి, ఒలవడానికి కాయలు, గుచ్చడానికి పూసలు కావాలి.

ఇక అల్లుడు గుడ్డు గురించి అన్న మాటకు వస్తాను. కిందటి నెల మీ ఊరొచ్చినప్పుడు మీ వీధి చివరి అంగన్‌వాడీకి వెళ్లి ఒక పూటంతా కూర్చున్నాను. నీకు చెప్పలేదు. మధ్యాహ్నం అన్నాల వేళ ఆయా పిల్లల చేతులు కడిగించి వరసలో కూర్చోబెట్టింది. ఉడికించిన గుడ్లు పెంకు తీయకుండానే ఇచ్చింది. నీ కొడుకంత పిల్ల ఒకతి తన గుడ్డును నేలకు తట్టి, పగిలిన చోట గోరు పెట్టి, నాలుక బయటపెట్టి ఒక్కో పెంకుముక్కా తీసింది. లోపలి పల్చటి పొర రాకపోతే పక్కవాడికి చూపించింది. వాడు తనది పక్కన పెట్టి సాయం చేశాడు. ఊడిన పెంకులన్నీ ఏరి ఆయా దగ్గర గిన్నెలో వేసి వచ్చి, అప్పుడు తిన్నది. వేళ్లకు పని, కళ్లకు పని, ఓపిక, అడగడం, సాయం అందుకోవడం, శుభ్రం. ఒక్క గుడ్డులో ఇన్ని పాఠాలున్నాయి. బలపం పట్టేది రేపు ఆ వేళ్లే. అల్లుడికి ఈ మాట చెప్పు.

అంగన్‌వాడీ అన్న పేరు ఎలా వచ్చిందో కూడా చెప్పు. మహారాష్ట్రలో తారాబాయి మోదక్ అని ఒక మహాతల్లి ఉండేది. భావనగర్‌లో గిజుభాయి 1920లో పెట్టిన బాలమందిర్‌లో ఆయనతో కలిసి పనిచేసింది. ఆయన రాసిన పుస్తకం 'పగటి కల' పేరుతో తెలుగులోనూ ఉంది, దొరికితే చదువు. తారాబాయి 1945లో బోర్డీ అనే పల్లెలో పిల్లల బడి పెడితే గిరిజన పిల్లలు రాలేదు. పిల్లలు రాకపోతే బడే వాళ్ల దగ్గరికి పోవాలని ఆమె, అనుతాయి వాఘ్ కలిసి ఆ ఇళ్ల ముంగిళ్లలోనే ఆటపాటలు మొదలుపెట్టారు. అంగన్ అంటే ముంగిలి. దేశంలో 1975 అక్టోబరు 2న సమగ్ర శిశు అభివృద్ధి పథకం మొదలైనప్పుడు ఆ పేరే నిలిచింది. ఇవాళ మన రాష్ట్రంలోనే 55 వేలకు పైగా అంగన్‌వాడీలున్నాయి. పిల్లవాడు వ్యానెక్కి బడికి పోవడం కాదు, బడే పిల్లవాడి ముంగిట్లోకి రావడం. దాని అర్థమే అది.

పూటబడితో ఏమొస్తుందని అంటారేమో. అమెరికాలో మిచిగాన్ రాష్ట్రంలోని ఇప్సిలాంటి ఊళ్లో 1962 నుంచి 1967 దాకా పెర్రీ ప్రీస్కూల్ అని ఒకటి నడిచింది. మూడు నాలుగేళ్ల నల్లజాతి పేద పిల్లల్లో 123 మందిని ఎంచి, 58 మందిని బడికి తీసుకున్నారు. మిగిలిన 65 మందిని తీసుకోలేదు. ఆ బడి పొద్దున రెండున్నర గంటలే. వారానికోసారి టీచరే పిల్లవాడి ఇంటికి వెళ్లి తల్లితో కూర్చునేది. ఆ పిల్లలకు నలభై ఏళ్లు వచ్చేదాకా వాళ్ల బతుకులు గమనించారు. తెలివి పరీక్షల్లో మొదట కనిపించిన తేడా కొన్నేళ్లకే పోయింది. కానీ బడికి వెళ్లినవాళ్లలో ఎక్కువమంది హైస్కూలు పూర్తి చేశారు, మంచి సంపాదన చూశారు, పోలీసు కేసుల్లో తక్కువగా ఇరుక్కున్నారు. రెండున్నర గంటలు వాళ్లకిచ్చింది అక్షరాల తొందర కాదు, మనిషిగా నిలబడే ఓపిక. అయితే అక్కడ ఆరుగురు పిల్లలకు ఒక టీచరుండేది. మన దగ్గర అంత వీలు లేదు. ఒక టీచరమ్మే పిల్లల్ని చూడాలి, బరువులు తూచాలి, గర్భిణుల్ని పలకరించాలి, రిజిస్టర్లు రాయాలి, ఫోన్‌లో వివరాలు ఎక్కించాలి. అందుకే మన ఊళ్లలో ఆ రెండో సగం, ఇంటి సగం, ఇంకా ముఖ్యం.

ఆ సగం నీ చేతిలో ఉంది, మీ అత్తమ్మ చేతిలో ఉంది. వాడు నిద్ర లేచాక పొలం గట్టుకు తీసుకెళ్లు. కందిచేను, సజ్జచేను, కొంగ, తూనీగ, ఏది కనబడితే దాని పేరు చెప్పు. బట్టలు మడిచేటప్పుడు నాన్నవి ఒక కుప్ప, వాడివి ఒక కుప్ప పెట్టించు. లెక్క అక్కడే మొదలవుతుంది. రాత్రి అత్తమ్మ కథ చెబుతుంటే మధ్యలో ఆపి "తర్వాత ఏమయ్యుంటుంది?" అని అడగమను. టీచరమ్మ పాడిన పాట ఇంటికొచ్చి వాడు సగమే పాడితే మిగతా సగం నువ్వు పాడు. ఇంగ్లీషు రాదేమోనని అల్లుడికి బెంగ. ముందు ఇంటి మాటలో వాడు తన ఆకలీ కోపమూ భయమూ చెప్పుకోగలగాలి. ఆ పునాది పడితే ఏ భాషైనా వస్తుంది. దోర్నాల వైపు చెంచుగూడేల పిల్లలకైనా, తండాల పిల్లలకైనా నేను చెప్పేది ఇదే. 2020 జాతీయ విద్యా విధానం కూడా మూడో ఏడు నుంచి ఎనిమిదో ఏడు దాకా ఒకే పునాది దశగా చూసి, ఆటనే పద్ధతిగా చేసుకోమంది. మెదడు ఎదుగుదలలో 85 శాతానికి పైగా ఆరేళ్ల లోపే జరిగిపోతుందని ఆ పత్రమే చెప్పింది. చాలామంది ఆ మాట విని అక్షరాలు త్వరగా నేర్పాలనుకుంటున్నారు. ఆ ఏళ్లను భయంతో నింపకూడదని మనం అర్థం చేసుకోవాలి.

ఇక చేయాల్సిన పనులు కొన్ని చెబుతాను, మరిచిపోకు.

మొదటి రోజే వదిలేసి రాకు. మూడు నాలుగు రోజులు నువ్వూ గోడవార కూర్చో. వాడు ఆటలో పడ్డాక దొంగతనంగా జారుకోకు. "అమ్మ అన్నాల వేళకు వస్తుంది" అని చెప్పి లే, చెప్పిన వేళకు రా. ఏడిస్తే ఏడవనీ. అమ్మ మాట నిలబెట్టుకుంటుందని వాడికి తెలియాలి.

నీళ్ల సంగతి జాగ్రత్త. మన పడమటి ఊళ్ల బోర్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. పళ్లు లోపల తయారవుతున్న వయసు ఇది. ఈ వయసులో తాగిన నీరు రేపు వాడి పళ్ల మీద కనబడుతుంది. తాగేందుకు శుద్ధి చేసిన నీళ్లు సీసాలో పోసి పంపు. అంగన్‌వాడీకి కూడా ఆ నీళ్లే వచ్చేట్టు ఊళ్లో నలుగురు తల్లులూ కలిసి పంచాయతీలో అడగండి.

నెలనెలా బరువు తూచే రోజు తప్పకుండా వెళ్లు. చార్టులో చుక్క ఆకుపచ్చలో ఉందో పసుపులో ఉందో నువ్వే చూడు. కిందికి జారుతుంటే టీచరమ్మను అడుగు, ఆసుపత్రికి తీసుకెళ్లు. నెలకోసారి తల్లుల్ని పిలిచే రోజు కూడా ఉంటుంది. ఆ రోజు పని మానేసైనా వెళ్లు. చింతపిక్కలో, పాత చీర ముక్కలో, ఖాళీ డబ్బాలో పట్టుకెళ్లు, పిల్లల ఆటకు పనికొస్తాయి. గది ఇరుకైతే, గోడ చెమ్మగిల్లితే, పిల్లల్ని మానిపించి ఊరుకోకు. పదిమందిని కూడగట్టి అడుగు. అడిగే తల్లులున్న చోట అంగన్‌వాడీ బాగుపడుతుంది. నా కళ్లారా చూశాను.

ఇంకొక మాట, గుండె దిటవు చేసుకుని చెబుతున్నాను. మన వైపు వానలు మొహం చాటేసిన ఏడాది, జనం మిరప కోతలకు గుంటూరు వైపు, ఇళ్ల పనులకు హైదరాబాదు వైపు మూటాముల్లె సర్దుకుంటారు. మీ ఇంట్లోనూ ఆ మాట వచ్చిందని విన్నాను. వెళ్లక తప్పకపోతే, వాణ్ణి చేలో మిరప ఘాటుకు కూర్చోబెట్టకు. అత్తమ్మకు ఓపికుంటే ఆమె దగ్గరే ఉంచు, అంగన్‌వాడీ మాత్రం ఒక్క రోజూ మాన్పించవద్దను. వెంట తీసుకెళితే, దిగిన ఊళ్లో అంగన్‌వాడీ ఎక్కడుందో మొదటి రోజే కనుక్కుని, వీడి పేరు రాసుకోమని అడుగు. వలస మనది, బాల్యం వాడిది. మన కష్టం వాడి బాల్యాన్ని మింగకూడదు.

అల్లుడికి నా ఆశీస్సులు చెప్పు. కొడుకు బాగా చదవాలన్న ఆరాటంతోనే అంటున్నాడు, అందులో తప్పు లేదు. కాన్వెంటు ఫీజుకని పక్కన పెట్టిన డబ్బు అలాగే దాచమను, ముందుముందు చదువులకు కావాలి. రేపు ఒక్క పూట పని మానుకుని అంగన్‌వాడీ గుమ్మం దగ్గర నిలబడి, అన్నాల వేళ ఆ గుడ్లు ఒలిచే పిల్లల్ని చూడమను. ఆ తర్వాత కూడా వద్దంటే నాకు ఫోన్ చేయమను, మాట్లాడతాను.

సోమవారం పొద్దున వాడి వేలు పట్టుకుని నడిపించుకుంటూ తీసుకెళ్లు. పలక మాత్రం కొనకు. వాడికి ఐదో ఏడు వచ్చిన రోజున నేనే తెస్తాను, మన మార్కాపురం పలక.

ఇట్లు
మీ పెద్దమ్మ