దేవుడికి తెగులు మడి ఎందుకు?

మా ఊరు ముప్పాళ్ళలో కంది చేను ఎండితే పెద్దవాళ్ళు ఓదార్పుగా ఒకటే అంటారు: "దేవుడు పరీక్ష పెడుతున్నాడ్రా." మా పక్క చేను రైతు ఆ మాటకు బదులు చెప్పలేదు. పూత మీదున్న మొక్క ఒకటి పీకి, కాండం నిలువునా చీల్చి చూపించాడు. మొదట్లోంచి పైకి పాకిన ఊదారంగు పట్టీ, లోపల నల్లటి చారలు. నేలలో పదునున్నా నీరు పైకెక్కే దారి మూసుకుపోయింది. ఎండు తెగులు. దానికి కారణమైన శిలీంధ్రానికి ఫ్యుజేరియం ఉడమ్ అని 1910లో బట్లర్ అనే శాస్త్రవేత్త పేరు పెట్టాడు.

మొక్కలకు నిజంగానే పరీక్ష పెట్టినవాళ్ళు పటాన్‌చెరు ఇక్రిశాట్‌ పరిశోధన సంస్థలో ఉండేవారు. వై.ఎల్. నేనే, ఎం.వి. రెడ్డి వంటి శాస్త్రవేత్తలు అక్కడ తెగులు మడి తయారుచేశారు. ఎండిన కంది మోళ్ళను ముక్కలు చేసి మట్టిలో కలిపారు. తట్టుకోలేని రకాన్నే మళ్ళీ మళ్ళీ వేసి తెగులును పెంచారు. ఆ నేలలో వేల రకాలు విత్తారు. మధ్యమధ్య తట్టుకోలేని రకం సాలు ఒకటి ఉండేది. అది ఎండితేనే నేలలో తెగులున్నట్టు లెక్క. ఆ మడిలో నిలిచిన మారుతి రకం 1986లో రైతులకు అందింది.

చూశారా, కష్టంలోనే రాటుదేలింది అంటారేమో. మడి ఏ మొక్కకూ బలం ఇవ్వలేదు. గింజలో ముందే ఉన్న గుణాన్ని బయటపెట్టింది, అంతే. ఎండిన సాలు చేసిన పాపమూ లేదు. ఎండు తెగులుకు నిలిచిన మారుతి కూడా వెర్రి తెగులు అనే మరో జబ్బుకు లొంగిపోయింది. రెండింటినీ తట్టుకునే ఆశ రకం రావడానికి 1993 దాకా ఆగాల్సి వచ్చింది.

ఏ గింజ నిలుస్తుందో ఆ శాస్త్రవేత్తలకు తెలియదు కాబట్టి మడి కావలసి వచ్చింది. అన్నీ తెలిసినవాడికి దానితో ఏం పని? నేను నాస్తికుణ్ణి కాను, శివరాత్రికి కోటప్పకొండ ప్రభ వెంట నడిచేవాణ్ణే. ఆ త్రికోటేశ్వరుడు నా ఓర్పు కొలవడానికి ఒకరి చేను ఎండబెడతాడంటే మాత్రం ఒప్పుకోను.

ఎండిన చేను గట్టు మీద వేదాంతం వద్దు. మోళ్ళు పీకి తగలబెట్టడానికి ఒక చెయ్యి వేద్దాం. మూడేళ్ళు ఆ చేలో కంది వేయొద్దని, తర్వాత వేసినా జొన్న కలిపి వేయమని చెబుదాం. తట్టుకునే రకం మన ఇంట్లో ఉంటే విత్తనానికి నాలుగు శేర్లు కొలిచిద్దాం. దేవుడి తరఫున మనం చేయగలిగిన పని అదే.