ఆఖరి రెండు సెకన్ల తప్పు

సౌందర్య పోయిన వార్త మా తరంలో చాలామందికి ఇంకా గుర్తే. 2004 ఏప్రిల్ 17న, ఎన్నికల ప్రచారానికి కరీంనగర్ రావడానికి ఆమె బెంగళూరు జక్కూరులో చిన్న సెస్నా 180 విమానం ఎక్కారు. లేచిన కాసేపటికే అది దగ్గర్లోని వ్యవసాయ విశ్వవిద్యాలయం ఆవరణలో కూలింది. ఆమె, సోదరుడు అమర్‌నాథ్ సహా నలుగురూ పోయారు. ఇలాంటిది జరిగినప్పుడల్లా మన దగ్గర రెండు మాటలు వినపడతాయి: విధి, లేదా పైలట్ తప్పు. నాకు రెండూ ఒకలాగే కనిపిస్తాయి. రెండూ ఆలోచనని అక్కడితో ఆపేస్తాయి.

ఆ ఒక్క ప్రమాదానికి కారణం తేల్చడం నా పని కాదు. కానీ చిన్న విమానాలు నేలకి దగ్గర్లో కూలడానికి బాగా తెలిసిన కారణం ఒకటుంది, స్టాల్. పేరు వింటే ఇంజన్ ఆగిపోవడం అనుకుంటాం. కాదు. రెక్క ఎదురుగాలిని కోసే కోణం సుమారు పదిహేను డిగ్రీలు దాటితే, గాలి రెక్క పైభాగాన్ని అంటిపెట్టుకుని పారడం మానేస్తుంది. ఇంజన్ శుభ్రంగా తిరుగుతున్నా సరే, విమానాన్ని మోసే బలం పడిపోతుంది. తేరుకోవాలంటే ముక్కు కిందికి దించాలి. మూడు వేల అడుగుల ఎత్తులో ఇది ప్రతి విద్యార్థికీ నేర్పే పాఠమే. రెండు వందల అడుగుల్లో, కింద ఇళ్లు పెద్దవవుతుంటే, ముక్కు దించడానికి ఏ చెయ్యి ఒప్పుకుంటుంది? బతకాలనుకునే శరీరం వెనక్కే లాగుతుంది. లాగేకొద్దీ కోణం పెరుగుతుంది.

ఇంజన్ ఆగినప్పుడు రన్‌వేకి తిరిగొద్దామన్న ఆశ ఇంకా ప్రమాదం. ఎత్తు నిలుపుకుంటూ 60 డిగ్రీలు వాల్చి తిరిగితే రెక్కల మీద భారం రెట్టింపవుతుంది, స్టాల్ అయ్యే వేగం 40 శాతం పైనే పెరుగుతుంది.

దీన్ని తప్పు అనొచ్చా? ముందే తెలిసిన ప్రమాదంలో కన్నా హఠాత్తుగా వచ్చిపడిన దానిలోనే మనిషి అసలు స్వభావం బయటపడుతుందని అరిస్టాటిల్ అభిప్రాయం. విమానం విషయంలో నాకిది మింగుడుపడదు. ఆ రెండు సెకన్లలో బయటపడేది స్వభావం కాదు, కండరాలు. స్వభావం అంతకు ముందే, రన్‌వే మొదట్లో ఆగి ఉన్నప్పుడు కనిపిస్తుంది. 'ఇంత ఎత్తులోపు ఇంజన్ ఆగితే వెనక్కి తిరగను, ఎదురుగా దొరికిన చోటే దించుతాను' అని పైకి చెప్పుకునే పైలట్లుంటారు. ఆ మాట అనుకోకుండా బయల్దేరితే, అది తప్పు.

అయితే ఎదురుగా ఏముంది? నేను పనిచేసేది అమీర్‌పేటలో. బేగంపేట రన్‌వే ఇక్కడికి పక్కనే. దాని ఏ చివర చూసినా ఊరే. 2010 మార్చి 3న అక్కడి ప్రదర్శనలో నౌకాదళం వారి సాగర్ పవన్ బృందం విమానమొకటి న్యూ బోయిన్‌పల్లిలో ఇళ్ల మధ్య పడి ఇద్దరు పైలట్లు చనిపోయారు. ఆ ప్రమాదం తీరు వేరు. కానీ అక్కడ ఎదురుగా దించడానికి చేను లేదని అందరికీ తెలియజెప్పింది. ఆ చేనుని అపార్ట్‌మెంట్లు చేసినవాళ్లకి ఇందులో వాటా లేదా? వాటిలో ఫ్లాట్ కొన్న మాకు?

ఇలా వెనక్కి జరుపుకుంటూ పోతే మళ్లీ విధి దగ్గరే తేలతాం. అందరిదీ అంటే ఎవరిదీ కాదనే. (మా సాఫ్ట్‌వేర్ వాళ్లం ఏదైనా కూలినప్పుడు 'ఎవరినీ నిందించని' రిపోర్టులు రాస్తాం. కారణాలు బాగా దొరుకుతాయి, బాధ్యుడే దొరకడు.) విమాన ప్రమాదాల దర్యాప్తుకి మన దేశపు నిబంధనలు చెప్పే లక్ష్యం కూడా మరో ప్రమాదాన్ని నివారించడమే, నింద మోపడం కాదు. దర్యాప్తుకి అది సరైనదే. ఇంట్లోవాళ్లు అడిగే ప్రశ్న మాత్రం అది కాదు.

నేనైతే తీరిగ్గా ఆలోచించే వ్యవధి ఎవరికి ఆఖరుగా ఉందో, వాళ్ల దగ్గర ఆగుతాను. చాలాసార్లు అది పైలటే, కాకపోతే ఇంకా నేల మీదున్న పైలట్. ఒక్కోసారి మాత్రం, సభకి జనం వచ్చేశారు, త్వరగా బయల్దేరండని వెనక సీటు నుంచి తొందరపెట్టిన మనిషి.