అణాకొక దోమ

మా పిల్లల్లో సైన్సు చదివేవాళ్లు తక్కువెందుకని అడిగితే మా దగ్గర రెండు జవాబులు సిద్ధంగా ఉంటాయి. ఒకటి గరీబీ. రెండోది అల్ ఖ్వారిజ్మీ, ఇబ్న్ అల్ హైసమ్‌ల పేర్లు. మొదటిది నిజం. రెండోది తాతలు తాగిన నేతికి మా మూతులు వాసన చూపించడం. ఆ పేర్లు మాకూ గర్వమే, కాని మేం మాట్లాడాలనుకుంటున్నది హుసేన్ ఖాన్ గురించి.

1897 ఆగస్టులో ఇతను సికింద్రాబాద్ దండు ప్రాంతంలో, బేగంపేటలో మలేరియా రోగి. మిలిటరీ డాక్టరు రొనాల్డ్ రాస్ తాను పెంచిన దోమల్ని ఇతని మీదికి వదిలి కుట్టించాడు. దోమకి అణా చొప్పున ఇచ్చాడు. ఆగస్టు 20న అలాంటి ఒక దోమని కోసి చూస్తే దాని కడుపు గోడలో మలేరియా క్రిమి దొరికింది. రాస్ ఆ సంతోషంలో పద్యం కూడా రాసుకున్నాడు. 1902లో నోబెల్ వచ్చింది.

అణా ఇచ్చాడు కదా, బలవంతం చెయ్యలేదు కదా అంటారు. ఒప్పుకుంటాం. జబ్బు అతనికి ముందే ఉంది. రాస్‌ని దొంగ అనడం అన్యాయం, హుసేన్ ఖాన్ పేరు మనదాకా వచ్చిందే ఆయన రాసిపెట్టడం వల్ల. అయినా లెక్క తీరిందా? తన నెత్తురు తాగిన దోమలో ఏం కనబడిందో తెలుసుకునే హక్కు అతనికి ఉందా, లేదా? ఆ ఫలితం ఇంగ్లీషులో అచ్చయింది. ఎవరైనా అతనికి వివరించి చెప్పారా?

ఉందనే మేం అంటాం. అణా అతను పడ్డ శ్రమకి కూలి. తెలుసుకోవడం వేరే బాకీ.

ఇక్కడే భాష అడ్డం వస్తుంది. 1918లో మొదలైన ఉస్మానియాలో సైన్సు, వైద్యం కూడా ఉర్దూలోనే చెప్పారు. దానికోసం ముందే దారుల్ తర్జుమా పెట్టి పుస్తకాలు అనువాదం చేయించారు. మా పెద్దవాళ్లు ఆ ముచ్చట చెప్పుకుని మురిసిపోతారు. కాని రాజ్యంలో ఎక్కువమంది మాట్లాడింది తెలుగు. ఇంట్లో తెలుగే మాట్లాడే మా దూదేకుల వాళ్లకీ ఆ ఉర్దూ సైన్సు పరాయిదే. 1948 తర్వాత ఇంగ్లీషు వచ్చింది. తలుపు మారింది, బయట నిలబడ్డవాళ్లు చాలామంది పాతవాళ్లే.

డిగ్రీలో ఒకప్పుడు 'సైన్స్ అండ్ సివిలైజేషన్' అనే పేపరు ఉండేది. ఎక్కువమందికి అది గైడు చూసి గట్టెక్కే పేపరు. ఎవరు ఏది ఎప్పుడు కనిపెట్టారో బట్టీ పడితే సైన్సుకీ సమాజానికీ ఉన్న లంకె అర్థం కాదు. కనిపెట్టినప్పుడు చెయ్యి చాచినవాడెవడు, పక్కన నిలబడి నోట్సు రాసుకున్నవాడెవడు, అది చదవాలి. అది బీఏ పిల్లలు చెయ్యగలిగిన పనే.

పైగా ఇది మా ఒక్కరి గోడు కాదు. 2009లో ఖమ్మం జిల్లాలో ఆడపిల్లలకి ఒక ప్రాజెక్టు కింద హెచ్‌పీవీ టీకా వేశారు. వాళ్లలో గిరిజన హాస్టళ్ల పిల్లలు చాలామంది. తల్లిదండ్రులు పెట్టాల్సిన సమ్మతి సంతకాలు ఎన్నో హాస్టల్ వార్డెన్లే పెట్టారు. గొడవయ్యాక 2010లో ఆపేశారు. టీకా మంచిదా చెడ్డదా అన్నది డాక్టర్లు తేల్చాలి. ఆ కాగితం అమ్మానాన్నలకి ఏ భాషలో, ఎవరు చదివి వినిపించారన్నది అడగడానికి బైపీసీ చదివి ఉండక్కర్లేదు.