గట్టుమీది కవి

పంటచేలను వర్ణించుటలో మన సాహిత్యము ఎన్నడును లోభము చూపలేదు. అయినను ఆ చేలు పండుటకై ఏ దేహములు కృశించినవో, ఏ నేల నిస్సారమైనదో చెప్పవలసిన భారము కవిపై కలదా, లేక అది రెవెన్యూ కచేరీ కాగితములకే చెల్లునా యను ప్రశ్న, కళాశాలలో చిరకాలము తెలుగు బోధించి విశ్రాంతి గైకొన్న ఒక మాస్టారికిని, ఆయనయొద్ద ఇంటర్మీడియట్టు చదివి, పిదప కీటకశాస్త్రము నభ్యసించి వరంగల్లు ప్రాంతపు పత్తిపల్లెలలో పనిచేయుచున్న శిష్యురాలికిని మధ్య తలయెత్తినది. వారి వాదమును ఇచట పొందుపరచుచున్నాను. నా మనస్సు ఎవరి పక్షమున మొగ్గినదో చదువరులు గ్రహింపకపోరు. దానిని దాచుట నా యుద్దేశమును కాదు.

మాస్టారు: దువ్వూరి రామిరెడ్డిగారు ‘కృషీవలుడు’ వ్రాసిరన్న, అది గట్టుమీద నిలిచి, చెప్పులకు బురద యంటకుండ చూచిన చూపు కాదమ్మా. నెల్లూరు సీమలో స్వయముగా సేద్యము చేసిన మనిషి. అట్టివాడు పైరును చూచి పరవశించినపుడు, ఆ పరవశమునకు వేరొక సాక్ష్యమేల? ఎకరాకు ఎంత ఖర్చు, ఎంత నష్టము అని కవిని నిలదీయుట, వచ్చిన చుట్టమును భోజనమునకు ముందే బాకీ అడిగినట్లుండును.

శిష్యురాలు: ఆయన చేతిని నేనెట్లు శంకింతును మాస్టారూ! నా శంకయంతయు పచ్చదనము మీదనే. బాటను పోవువానికి ఏపుగ కనబడు పత్తిచేనిలోనికి దిగి, నడుము వంచి, ఒక్క ఆకును త్రిప్పి చూడుడు. తెల్లదోమ పట్టిన చేనైనచో, ఆవగింజంతయైనను లేని తెల్లరెక్కల పురుగులు చేయి తగిలినంతనే గుంపుగ లేచి, మరల ఆ అడుగుభాగముననే వ్రాలును. అవి రసమును పీల్చి విడుచు తియ్యని జిగురు క్రింది ఆకులమీద పడును; దానిపై నల్లని మసి పేరుకొనును; ఆ మసి దూదికి అంటినచో, కొనువాడు ధర తెగగోయును. 1987లో గుంటూరు, ప్రకాశం జిల్లాలలో ఈ దోమ విజృంభించినది. కాయతొలుచు పురుగును చంపుటకని అంతకుముందు సింథటిక్ పైరిథ్రాయిడ్లను విచ్చలవిడిగ చల్లినారు. ఆకు పైన పడిన మందు అడుగుననున్న దోమకు చాలినంత చేరలేదు. ఆ దోమను తిని అదుపులో నుంచు మిత్రపురుగులను మాత్రము తుడిచిపెట్టినది. ఆ పిమ్మట అప్పు తీర్చు దారి లేక ప్రాణములు తీసుకొన్న రైతులలో పెక్కుమంది త్రాగినది పురుగుమందునే. ఇట్టి చేనిని బాటమీదనుండి చూచి సస్యలక్ష్మి యని మ్రొక్కిన కవితను నేనెట్లు మెచ్చుదును?

మాస్టారు: నీవు చెప్పినది శాస్త్రము, దానికి దాని గ్రంథములున్నవి. కవి దుఃఖమును పట్టుకొనును. వేటగాని బాణము ఎన్ని అంగుళములు దిగినదో వాల్మీకి కొలిచెనా? కేశవరెడ్డిగారి ‘మూగవాని పిల్లనగ్రోవి’లో భూమిని పోగొట్టుకొన్న రైతు వ్యథ చదువరి గుండెను పిండివేయును. కరుణరసము చాలదా?

శిష్యురాలు: ఆ నవల ముందు నేనును తలవంచుదును. కాని కరుణమును మనము వాడుకొను తీరు నన్ను బాధించును. చదువరి ఏడ్చును, ఏడ్చి తేలికపడును. ఆ ఏడ్చినవాని ఒంటిమీది చొక్కా ఆ పత్తిదేనన్న ఊహ అతనికి రాదు. 1990ల దశకమున మన దేశపు సాగుభూమిలో సుమారు 5 శాతము మాత్రమే పత్తి. దేశమున వాడిన పురుగుమందులలో దాదాపు సగము దానిమీదనే కురిసినవి. అవి ఎవరి బట్టకై కురిసినవి? మరియు మన రైతుకథలు పెక్కు మరణముతో ముగిసిపోవును. 1997-98లో వరంగల్లు వైపు అకాలవర్షములు, లద్దెపురుగు, పచ్చపురుగు కలిసి పత్తిని ఊడ్చివేసిన ఏట చావులను పత్రికలు లెక్కించినవి. చావుకు మరునాటి లెక్క ఎవరు వ్రాసిరి? విత్తనమును, ఎరువును, మందును ఉద్దెరకిచ్చిన దుకాణదారే, ఏ మందు ఎంత చల్లవలెనో చెప్పువాడును, తుదకు పత్తిని కొనువాడును అగుటచే, ఎన్నో ఇండ్లలో బాకీ భార్య పేరికి మారినది. పట్టా మాత్రము మారలేదు. కౌలుకు చేసిన చేనైనచో, రికార్డులో ఆ రైతు పేరే లేదు గనుక పరిహారమునకు దారియే లేదు. 2011లో కౌలుదారులకు కార్డులిచ్చు చట్టము వచ్చినను, భూమి చేజారునేమోనని యజమాని జంకుటయు, యజమానికి కోపము వచ్చునేమోనని కౌలుదారు జంకుటయు మానలేదు.

మాస్టారు: చదువరిని దోషిగా నిలబెట్టిన రచన కరపత్రమగును, జాగ్రత్త. ఉన్నవ లక్ష్మీనారాయణగారు వేలూరు జైలులో వ్రాసి, 1922లో వెలువరించిన ‘మాలపల్లి’ని తలచుకొనుము. భూస్వామి చౌదరయ్య దెబ్బకు సంగదాసు కూలిన చోట కన్నీరు కలదు. కాని దొరతనమువారు దానిని నిషేధించుట కన్నీటికి జడిసి కాదని నా నమ్మకము. ధాన్యము ఎవరి చెమటతో పండి, ఎవరి గాదెకు చేరుచున్నదో ఒక్క ఊరి పొలిమేరలలో, చూచినవారు కాదనలేనట్లు చూపినందుకే. 1941లో జాషువాగారు ‘గబ్బిలము’న పండించువాని ఆకలినే కావ్యవస్తువు చేసిరి. వారిలో ఎవరైన చదువరిమీద వ్రేలు చూపిరా?

శిష్యురాలు: చూపలేదు, తప్పించుకొననీయనూ లేదు. నేను కోరునదియు అంతియే. అయినను ఆ గ్రంథములలో తగవంతయు పంపకమును గూర్చినది. నేల ఇంకను ఆరోగ్యముగనే యున్నది. పెంట తోలి, చెరువుమట్టి పోసి పండించిన ఆ నేలకు ఇట్టి జబ్బు పట్టునని వారు ఊహింప నవకాశము లేదు. నేడు నేలకు పట్టిన విషమును, కూలికి పట్టిన విషమును వేరుచేయలేము. ఎకరా పత్తికి ఒక్క పర్యాయము మందు చల్లుటకు సుమారు 200 లీటర్ల నీరు కావలెను. ఆ నీటిని కుంటనుండియో, బావినుండియో బిందెలతో మోయునది స్త్రీ. డ్రమ్ములో మందు పోసి కఱ్ఱ దొరకనపుడు చేతితోనే కలుపునదియు ఆమెయే. పంపు వీపున తగిలించుకొన్నవాని లుంగీ మోకాళ్లవరకు తడిసిపోవును. సాయంత్రము ఆ లుంగీని ఉతుకునదియు ఆమెయే. ఏ రిజిస్టరులోను ఆమె పేరు ‘రైతు’ అని వ్రాసియుండదు.

ఈ ఘట్టమున శిష్యురాలి మాటయే న్యాయమని నాకు తోచుచున్నది. విషమును కొలుచు విద్య శాస్త్రమునకు కలదు, చావులను లెక్కించు విద్య పత్రికలకు కలదు. కాని ఆ విషము ఎవరి చేతులమీదుగా, ఎవరి బాకీలమీదుగా, ఎవరి నిస్సహాయతమీదుగా పయనించి మన ఇంటి బీరువాలోని బట్టవరకు వచ్చినదో, ఆ దారిని ఒక్క అడుగు తప్పకుండ చదువరిచేత నడిపించు శక్తి కథకు ఉన్నట్లు వేరొకదానికి లేదు.

మాస్టారు: సరే, నీవు కోరునట్టి నవల వ్రాయబడవలసినదే. అయితే దానిని ద్వేషముతో వ్రాసినచో నేను చదువను. ఇంత నష్టపోయినవాడు మరుసటి తొలకరికి మరల పత్తియే ఏల విత్తినాడు? అప్పు ఒక కారణము, ఒప్పుకొంటిని. కాని పొద్దుపొడుపువేళ చేనంతయు విచ్చుకొని తెల్లగ నిలిచినపుడు అతని ఒడలు పులకరించునే, ఆ పులకరింత లేనిచో అతడు విత్తనే విత్తడు. నీ కథలో అది లేకున్న, నీవును గట్టుమీదనే నిలిచినట్లు లెక్క.

శిష్యురాలు: అది లేక ఎట్లుండును? పత్తి తీయు నాళ్లలో ఆ చేలలో ఎంత నవ్వు వినబడునో నేను విన్నాను. అప్పటి ఖమ్మము జిల్లా పునుకులలో రైతులు పురుగుమందులను మానివేసి, వేపకషాయము, మిరప-వెల్లుల్లి కషాయము వాడుచు, ఊరంతయు మందులేని సేద్యమునకు మారిరి. దుకాణముల అప్పునుండి మెల్లగ తెరిపిన పడిరి. అట్టి ఊరి కథలో చావు ముగింపు కాజాలదు. అది వ్రాయుట మరింత కష్టము. ఎందుకనగా చదువరి ఏడ్చి లేచిపోవుటకు అందులో వీలుండదు, వారు చేసినది తక్కినవారము ఏల చేయమో ఆలోచింపక తప్పదు.

మాస్టారు: అట్లయిన మొదటి ప్రకరణము వ్రాసి తెమ్ము. భాష నేను చూచెదను; కషాయపు పాళ్లు నీవు చూచుకొనుము.

శిష్యురాలు: తెచ్చెదను. కాని బిందె మోసిన ఆమె నోట వచ్చు మాటను మాత్రము మీరు దిద్దరాదు.

మాస్టారు: ఉన్నవవారు దిద్దిరా, నేను దిద్దుటకు?