వెలితి అమ్మే ఆటలు

ఫోనులో, ట్యాబ్‌లో ఆడుకునే చవక ఆటలను సమీక్షించేవాళ్లు సాధారణంగా చూసేవి నాలుగైదు సంగతులు. బొమ్మలు బాగున్నాయా, పాత ఫోనులో కూడా నిలిచిపోకుండా నడుస్తుందా, ధర ఎంత, ఆ ధరకు ఎన్ని గంటల కాలక్షేపం దొరుకుతుంది. చివర ఐదింటికి ఇన్ని చుక్కలు. అయితే 2015లో గూగుల్ తన ప్లే స్టోర్‌లో మన దేశానికి కనీస ధరను 50 రూపాయల నుంచి 10 రూపాయలకు దించింది. ఆనాటి నుంచి ఈ లెక్కలో ధర అన్న గడికి పెద్దగా అర్థం లేకుండా పోయింది. పది రూపాయలంటే జనగామలో రైలెక్కే ముందు తాగే ఒక చాయ్ ఖర్చు. ఎక్కువ ఆటలు ఉచితంగానే దొరుకుతున్నాయి. ధరే లేని వస్తువును ధరతో తూచలేం కదా, మరి దేనితో తూచాలి? ఇది వేదాంతం జవాబు చెప్పాల్సిన ప్రశ్న అంటే కొందరికి నవ్వు రావచ్చు. కానీ ఏది ఆట, ఏది ఆట వేషం వేసుకున్న మరొకటి అన్న విచారణ మనకు కొత్తది కాదు. అది సెల్‌ఫోను కన్నా చాలా పాతది.

జనగామ జిల్లా పాలకుర్తి మండలంలో రెండు ఊళ్లున్నాయి. పాలకుర్తి పాల్కురికి సోమనాథుడిది, బమ్మెర పోతనది. (పోతనది ఒంటిమిట్ట అనే వాదం ఉండనే ఉంది, దాన్ని ఇక్కడ తేల్చనక్కర్లేదు.) సోమనాథుడు వీరశైవ నిష్ఠలో ఎంత పట్టుదల మనిషో ఆయన్ని చదివినవాళ్లకు తెలుసు. అంతటి కఠినుడు పండితారాధ్య చరిత్రలో తన కాలపు పాటలు, ఆటలు, వేషాలు, వినోదాలు విసుగు లేకుండా చెప్పుకుంటూ పోయాడు. ఆనాటి జనం ఎలా బతికారో, ఏం ఆడుకున్నారో చెప్పడానికి సురవరం ప్రతాపరెడ్డి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’లో ఆయన కావ్యాలనే ఆధారం చేసుకున్నారు. ఆటలు భక్తికి అడ్డమని సోమనాథుడు అనుకుని ఉంటే అవి ఆ ద్విపదల్లోకి వచ్చేవే కావు. పోతన ఇంకా ముందుకు వెళ్లాడు. భాగవతం దశమ స్కంధంలో గోపబాలురు చల్దులు కట్టుకుని అడవికి పోయి, ఆడుతూ నవ్వుతూ తింటుంటే బ్రహ్మ వచ్చి లేగలను, పిల్లలను మాయం చేస్తాడు. సృష్టి అనే కొలువు చేస్తున్న దేవుడికి, తోటి పిల్లలతో చల్ది పంచుకుంటూ ఆడుకునే దేవుడు అర్థం కాలేదు. చివరికి వచ్చి మొక్కింది బ్రహ్మే.

ఈ కథకు దన్నుగా ఉన్న వాదం బ్రహ్మసూత్రాల్లో ఉంది. దేవుడికి ఏ కొరతా లేదంటున్నారు, మరి లోకాన్ని ఎందుకు సృష్టించినట్టు? ప్రయోజనం కోసమంటే ఆయనకు ఏదో లోటు ఉన్నట్టవుతుంది, ప్రయోజనం లేదంటే పిచ్చి పని అవుతుంది. సూత్రకారుడు లీల అని జవాబిచ్చాడు. శంకరుడు దానికి భాష్యం రాస్తూ, కోరికలన్నీ తీరిన రాజు వినోదంలోకి దిగడాన్ని, ప్రయోజనం తలచకుండానే మనిషి ఊపిరి తీయడాన్ని ఉదాహరణలుగా చూపాడు. ఈ వాదం దేవుడి గురించి నిజమా కాదా అన్నది నమ్మకానికి సంబంధించిన సంగతి. ఆట గురించి మాత్రం ఇది నిజం. మనిషి లోటు తీర్చుకోవడానికి చేసేది పని, లోటు గుర్తు లేనప్పుడు చేసేది ఆట. కాబట్టి ఒక ఆటను తూచాలంటే అడగాల్సిన మొదటి ప్రశ్న ఇది: ఆడేవాడిలో ఇదివరకు లేని వెలితిని ఇది పుట్టిస్తోందా?

2012లో వచ్చిన క్యాండీ క్రష్‌ను చూడండి. ఐదు ప్రాణాలిస్తుంది. అవి అయిపోతే ఒక్కో ప్రాణం తిరిగి రావడానికి అరగంట పడుతుంది. ఆగలేకపోతే స్నేహితులను అడగాలి, లేదా కొనుక్కోవాలి. ఆ ప్రాణాలకు కరువు రావడానికి లోకంలో ఏ కారణమూ లేదు. అవి అంకెలు, ఎన్నైనా ఇవ్వొచ్చు. కరువును తయారుచేశారు, ఆ తర్వాత దానికి మందు అమ్మారు. దాహం లేనివాడి నోట్లో ఉప్పు వేసి నీళ్లకు డబ్బు అడగడం లాంటిది ఇది. రోజూ తెరిస్తేనే దక్కే బహుమానాలు, ఒక్కరోజు మానేస్తే తెగిపోయే వరసలు, ప్రకటన పూర్తిగా చూస్తే ఇచ్చే వజ్రాలు, ఇవన్నీ ఆ కుదురులో మొలిచినవే. ప్రకటన చూసి వజ్రం పుచ్చుకునేవాడు ఆ అర నిమిషం ఆడటం లేదు, కూలి చేస్తున్నాడు. ఆ కూలి కూడా ఆట బయట చెల్లని నాణెంలోనే దక్కుతుంది.

చుక్కల పద్ధతి ఇక్కడే బోల్తా పడుతుంది. మాన్యుమెంట్ వ్యాలీ అనే ఆట 2014లో వచ్చింది. ఒక్కసారి డబ్బు కడితే చాలు, ప్రాణాలు లేవు, వజ్రాలు లేవు, కొన్ని గంటల్లో అయిపోతుంది. అదే ఏడాది చివర్లో కొత్త అంకాలు జోడించి రెండు డాలర్లు అడిగితే, చాలామంది కోపంతో ఒక్క చుక్క పడేశారు. అయిపోయే ఆట కనుక తక్కువ, అయిపోని ఆట కనుక ఎక్కువ అని లెక్కకట్టే సమీక్ష నాకు తలకిందులుగా కనిపిస్తుంది. ముగింపు ఉండటం ఆటకు లోపం కాదు, పోతన గోపబాలురు కూడా పొద్దు గూకితే మందకు తిరిగి వచ్చారు. మొదటి రోజు ఆడి రాసే సమీక్షకు అందుకే విలువ తక్కువ, ఆ రోజు ప్రతి ఆటా ఉదారంగానే ఉంటుంది. రెండు వారాల తర్వాత అది ఏం అడుగుతోంది, డేటా ఆపేస్తే నడుస్తుందా, మధ్యలో వదిలేసి పోతే ఎన్నిసార్లు పిలుస్తుంది అన్నవి రాయాలి.

మన శాస్త్రాలే ఆటను తిట్టాయి కదా అని ఒక ఆక్షేపణ. ఋగ్వేదం పదో మండలంలో జూదరి గోడు ఉంది: అత్త అసహ్యించుకుంటుంది, భార్య వెళ్లగొడుతుంది, పాచికలు మానేసి పొలం దున్నుకోమని చివర హితవు. ధర్మరాజు కథ చెప్పనే అక్కర్లేదు. కానీ ఆ సూక్తం ఏడుస్తున్నది పందెం గురించి, పందెమంటే వెలితిని ఒప్పందంగా రాసుకోవడం. మన చట్టం మాత్రం చాలాకాలం ఈ గీతను వేరే చోట గీసింది. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు మీద వచ్చిన కేసులో 1967లో సుప్రీంకోర్టు రమ్మీ ప్రధానంగా నైపుణ్యం ఆట అంది. తెలంగాణ 2017లో చట్టం సవరించి, నైపుణ్యమైనా సరే ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడటం కుదరదంది. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ అలాంటి చట్టమే చేసింది. నైపుణ్యమా, అదృష్టమా అన్న తర్కాన్ని పక్కకు నెట్టి పందేన్ని చూడటం మంచి అడుగే. అయితే చట్టం డబ్బు గెలిచే ఆశనే పట్టుకోగలదు. ఏమీ గెలవనివ్వకుండా పొద్దంతా పట్టి ఉంచే ఆట దాని చేతికి దొరకదు. ఆ పని సమీక్షకే మిగులుతుంది.

ఇంకొకరు వైకుంఠపాళిని ముందు పెడతారు. అదీ పూర్తిగా గవ్వల మీదే నడిచే ఆట కదా, పరమపదం అంచుదాకా వెళ్లినవాణ్ణి పెద్ద పాము మింగి కిందికి తోస్తుంది కదా, పిల్లలు అన్నం మానేసి ఆడేవాళ్లు కదా? నిజమే. పాము మింగినప్పుడు కలిగే నొప్పి, ప్రాణాలు అయిపోయినప్పుడు కలిగే నొప్పి చూడటానికి ఒకేలా ఉంటాయి. తేడా పటం దగ్గర ఉంది. కాగితం మీద గీసిన పాముకు మనం మళ్లీ ఆడాలన్న స్వార్థం లేదు. పటం మడిచాక అది ఎవరినీ పిలవదు. పైగా పాములకు, నిచ్చెనలకు పాపపుణ్యాల పేర్లు పెట్టి, పడటం కూడా ఒక పాఠమన్నారు. అదే పటం ఇప్పుడు లూడో కింగ్‌లో పాములు నిచ్చెనల ఆటగా ఉంది, పేర్లు పోయాయి, మధ్యలో ప్రకటనలు వచ్చాయి. అయినా ఆ ఆటను నేను పూర్తిగా కొట్టిపారేయను. హైదరాబాద్‌లో ఉన్న కొడుకు, మహబూబాబాద్ తండాలో ఉన్న తల్లి ఒకే పటం మీద పావులు జరపగలగడం చిన్న సంగతి కాదు.

అసలు బలమైన ఆక్షేపణ పేదరికం నుంచి వస్తుంది. డబ్బు కట్టి ఆడే ఆటే ధర్మమైనదంటే, కేసముద్రం మార్కెట్లో మిరప బస్తాలు మోసే హమాలీ కొడుక్కి ఆట హక్కు లేదన్నట్టేనా? భూపాలపల్లి బొగ్గు గనిలో షిఫ్టు దిగి వచ్చినవాడికి అరగంట మెదడు ఖాళీ చేసుకోవడానికి ఉచిత ఆట దొరికితే మధ్యలో మీ లీలావాదం ఏమిటి? దీనికి నా దగ్గర సగం జవాబే ఉంది. పది రూపాయలు అడ్డం కాకపోవచ్చు, ఆ పది కట్టడానికి కావలసిన ఖాతా, నాన్న ఫోను, నాన్న పిన్ను అడ్డం. ఆ ఇంట్లో ఉచితం కావడం ఒక్కటే దారి. కానీ పోగొట్టుకోవడానికి పొద్దు తప్ప వేరే ఆస్తి లేనివాడి దగ్గరే ఉచిత ఆట తన ధరను పొద్దులో వసూలు చేస్తుంది. అందుచేత సమీక్ష ఆ ఇంటికే ఎక్కువ అవసరం: ఏ ఉచిత ఆట పద్ధతిగా ఉంది, ఏది డేటా లేకుండా ఆడొచ్చు, ఏ చదరంగం యాప్ ప్రకటనలు లేకుండా ఉచితంగా వస్తుంది. లీచెస్ అలాంటిదే, విరాళాల మీద నడుస్తుంది. చేసేవాళ్లకు కూడు వద్దా అనేవారికి అది పూర్తి సమాధానం కాకపోయినా, కరువును అమ్మకుండా కూడా ఆట నడపవచ్చన్న దానికి రుజువు.

నా వాదానికి కొరుకుడు పడనిది ఒక్కటే, ఫ్లాపీ బర్డ్. వియత్నాం యువకుడు డాంగ్ న్గుయెన్ 2013లో చేసిన ఉచిత ఆట అది. పిట్టను గొట్టాల మధ్య ఎగరేయడమే. ప్రకటన పలక ఉండేది కానీ ప్రాణాలు అమ్మలేదు, వజ్రాలు లేవు, రోజూ రమ్మని పిలవలేదు. నా పరీక్షలో అది నెగ్గాలి. అయినా జనం దానికి అతుక్కుపోయారు. రోజుకు 50 వేల డాలర్ల రాబడి వస్తోందని వార్తలొస్తున్న వేళ, 2014 ఫిబ్రవరిలో, ఇది వ్యసనమైపోయిందంటూ ఆయనే దాన్ని తీసేశాడు. ఆ ఆట ఉన్న పాత ఫోన్లను కొందరు వేల డాలర్లకు అమ్మకానికి పెట్టారు. కాబట్టి వెలితి ఎప్పుడూ బయటి నుంచే వస్తుందని అనలేను. కొంత మనతోనే ఆటలోకి వెళ్తుంది, మనవాళ్లు వాసన అన్నది దాన్నే. ఆ ఆటను ఇప్పుడు సమీక్షించాల్సి వస్తే నేను మంచి మార్కులే వేస్తాను, అందులో మోసం లేదని రాస్తాను, తయారుచేసినవాడే దాన్ని ఎందుకు వెనక్కి తీసుకున్నాడో కూడా ఆ పక్కనే రాస్తాను.