త్రోవలో నిలిచిన ఇల్లు

ఇల్లు విడిచి పోవుటయే ప్రయాణమని మన పెద్దలు తలచిరి. కావుననే బయలుదేరుటకు ముందు ముహూర్తము చూచుట, చద్దిమూట కట్టుట, ఇంటివారు వాకిట నిలిచి సాగనంపుట మొదలైన మర్యాదలు ఏర్పడినవి. ఇల్లు వెనుక నుండును. మనుష్యుడు ముందుకు పోవును. నేడు ఇంటినే చక్రముల మీద కెక్కించి వెంట గొనిపోవు కాలము వచ్చినది. దానిని మోటారు హోమ్ అనియు, క్యారవాన్ అనియు అందురు. ఆ ఇల్లు నడిత్రోవలో నిలిచిపోయినప్పుడు ఎవరు ఎవరికి ఏమి బాకీ యుందురు? ఈ ప్రశ్నను గూర్చి నాలుగు మాటలు వ్రాయ సాహసించుచున్నాము. మేము పండితులము కాము. పదియవ తరగతితో చదువు చాలించి, కచ్చేరిలో గుమాస్తాగా ఫైళ్ళు మోసి విశ్రాంతి పొందినవారము. తప్పులున్న పెద్దలు మన్నింతురు గాక.

మా పావగడ తాలూకా భూపటమున ఒక వింత. పేరునకు తుమకూరు జిల్లాలోనిదే గాని, దాని చుట్టును చాలవరకు ఆంధ్రప్రదేశపు నేలయే. పాత అనంతపురము జిల్లాయు, 2022 ఏప్రిల్‌లో దాని నుండి వేరుపడిన శ్రీ సత్యసాయి జిల్లాయు మమ్ము ఆవరించి యున్నవి. మా ఇండ్లలో తెలుగు, కచ్చేరిలో కన్నడము, సంతలో రెండును. త్రోవ నడచుచుండగానే రాష్ట్రము మారును. నడచువానికి ఆ సంగతి తెలియదు. ఈ వింత ఒకనాడు మా మెడకే చుట్టుకొన్నది.

మా తమ్ముని కుమార్తెయు, అల్లుడును బెంగుళూరు నివాసులు. ఒక చైత్రమాసమున వారు ఇద్దరు పిల్లలతో అట్టి యింటిబండి నొకదానిని బాడుగకు తీసికొని మా యూరికి వచ్చిరి. అందు పడకలు, పొయ్యి, చిన్న స్నానపుగది, నీళ్ళతొట్టి అన్నియు గలవు. త్రోవ చూపుటకై మేమును ఎక్కితిమి. నాగలమడికె సుబ్రహ్మణ్యేశ్వరుని దర్శించితిమి. తిరుమణి ప్రాంతమున దాదాపు 13,000 ఎకరముల మేర పరచిన సూర్యశక్తి పలకలను చూచితిమి. 2018లో ఆరంభమై 2,050 మెగావాట్ల వరకు పెరిగిన ఆ పార్కును చూచుటకు ఎందరో వచ్చుచుందురు. అచ్చట నుండి పెనుకొండకు పోవలెనని మా సంకల్పము. సరిహద్దు దగ్గర, మిట్టమధ్యాహ్నము, ఇంజను నుండి తెల్లని ఆవిరి లేచి బండి నిలిచినది. కనుచూపు మేరలో ఒక్క పెద్ద చెట్టు లేదు.

అల్లుడు తెలివిగలవాడు. హ్యాండ్ బ్రేకు వేసి, నాలుగు దీపములును మినుకుమను మీట నొక్కి, పిల్లలను దించి చేనివైపున దూరముగా నిలిపెను. వెనుక త్రోవలో ఎఱ్ఱని త్రికోణపు పలకను పెట్టెను. చక్రములకు రాళ్ళు అడ్డముంచి, త్రోవ మీద కూడ నాలుగైదు రాళ్ళు పేర్చెను. పిమ్మట సంవత్సరపు రుసుము ముందుగనే చెల్లించియున్న సహాయ కంపెనీకి ఫోను చేసెను. ఆ కంపెనీ పేరు మాకు అప్రస్తుతము. మొదట మాటాడినవారు, మీరున్నది ఆంధ్ర, ఆ శాఖకు చెప్పుడనిరి. ఆ శాఖవారు, మాకు కనబడు గుర్తు కర్ణాటకలో నున్నది, బెంగుళూరుకు చెప్పుడనిరి. గంట గడచిన పిదప మూడవవారు బండి యెట్టిదని అడిగి, మా ఒప్పందము కారులకే గాని ఇండ్లకు గాదనిరి.

వారి మాటలో కొంత న్యాయము లేకపోలేదు. ఇట్టి బండి ఎత్తును, బరువును హెచ్చు. వెనుక చక్రములు దాటి దాని దేహము చాల దూరము సాగియుండును. మామూలు క్రేను కొక్కెముతో ముందుభాగము నెత్తినచో వెనుక తోక నేల నంటును. వెనుక చక్రములతో నడచు బండిని ఆ చక్రముల మీదనే ఈడ్చినచో గేరుపెట్టె చెడవచ్చును. కావున చదునైన వీపుగల పెద్ద లారీ కావలెను. అది ఎక్కడి నుండి రావలెనో అక్కడి నుండి రావలెను. అయినను రుసుము పుచ్చుకొన్ననాడు అడుగవలసిన ప్రశ్నను ఎండలో నిలిచిననాడు అడుగుట ధర్మమా? సరిహద్దు గీత కచ్చేరీలకు అవసరమే. మేము ముప్పదియైదేండ్లు ఆ గీతలకే దాస్యము చేసినవారము. కాని దప్పికకు జిల్లా లేదు.

ఇంతలో దగ్గరి గుడిసె నుండి ఒక అవ్వ రెండు బిందెల నీళ్ళు తెచ్చినది. “ఏమి స్వామీ, బండి నిల్చిపాయనా? బిడ్డలకు ముందు నీళ్ళు తాపుండ్రి” అన్నది. మా ప్రాంతపు భూజలములో ఫ్లోరైడు హెచ్చు. కావున త్రాగునీటిని శుద్ధజల కేంద్రము దగ్గర నాణెము వేసి పట్టి, మోసి తెచ్చుకొందురు. ఆమె తెచ్చినవి ఆ నీళ్ళు. పిల్లలు త్రాగిరి, మేము త్రాగితిమి. ఇంజను చల్లారిన పిదప అల్లుడు మిగిలిన నీళ్ళను రేడియేటరులో పోసెను. క్రిందనున్న రబ్బరు గొట్టము పగిలియున్నదని చూడలేదు. ఒక బిందె నీళ్ళును నేలపాలైనవి.

మూడవజామున ఒక ట్రాక్టరు మెకానిక్కు మోటారు సైకిలు మీద వచ్చెను. అవ్వయే కబురు పంపినదట. అతడు క్రింద దూరి చూచి, పైకి లేచి, “లోపల తొట్టి నిండా నీళ్ళు పెట్టుకోని, అవ్వ తాగే నీళ్ళు ఇంజనుకు పోస్తిరా సార్?” అనెను. మేము తలలు వంచుకొంటిమి. చేతులు కడుగుకొను తొట్టిలో బిందెల కొలది నీళ్ళుండగా ఒక్కరికిని తోచలేదు. ఇంటిని వెంట తెచ్చుకొన్నవారము, ఇంటిలో ఏమి యున్నదో మరచితిమి. పేదరాలి ఇంటిలో నున్నది మాత్రము చేయి చాచి పుచ్చుకొంటిమి.

అతడు ట్రాక్టరు గొట్టపు ముక్క నొకదానిని కోసి అమర్చి, క్లిప్పులు బిగించి, మా తొట్టి నీళ్ళే పోసి, ఇంజనును కొంతసేపు నడిపి చూచెను. గొట్టమునకు నాలుగువందలు, పనికిని పెట్రోలుకును ఎనిమిదివందలు అని చెప్పెను. అల్లుడు సంతోషముతో అయిదువేలు ఇయ్యబోగా, “చెప్పింది చాలు సార్. ఎక్కువ తీసుకుంటే రేపు ఇంకొకరి దగ్గర అంతే అడగబుద్ధి అవుతుంది” అని నిరాకరించెను. అవ్వ మాత్రము కాసును ముట్టలేదు. “నీళ్ళకు దుడ్డా?” అని నవ్వినది. మా అమ్మాయి ఆమె బిందెలను తొట్టినీళ్ళతో నింపి, పెట్టెలోనున్న త్రాగునీటి సీసాల నన్నింటిని ఆమె గుడిసెలో పెట్టి వచ్చినది.

ఇచ్చట ఒక ప్రశ్న పుట్టుచున్నది. డబ్బు తీసికొన్న మెకానిక్కు కన్న తీసికొనని అవ్వ గొప్పదియా? మొదట మేమును అట్లే తలచితిమి. ఆలోచింపగా అది సరి కాదని తోచినది. నీరు ప్రాణావసరము, దాని నమ్ముట ఆమెకు సిగ్గు. శ్రమ యన్ననో బ్రదుకుతెరువు; దాని నూరక పుచ్చుకొనుట మాకు సిగ్గు. భాగవతమున రంతిదేవుడు తనకు మిగిలిన నీళ్ళను దప్పిగొన్నవానికి పోసెను, వెల కట్టలేదు. ఇక కైకేయి కథను చూడుడు. యుద్ధమున దశరథుని రథపు కడచీల ఊడగా ఆమె తన వ్రేలిని అడ్డుపెట్టి చక్రమును కాపాడెనని జనులు చెప్పుకొందురు. ఆ సాయమునకు వెల ఆనాడే తీరలేదు. రెండు వరములై నిలువ యుండినది. ఏండ్లు గడచిన పిమ్మట ఆ బాకీ రాముని అడవికి పంపినది. లెక్క తేల్చని ఉపకారము ఎంత పెరుగునో ఎవరు చెప్పగలరు? పన్నెండు వందలు ఇంతయని చెప్పి తీసికొన్నవాడు మాకు గూడ ఉపకారమే చేసెను. మమ్ము ఋణవిముక్తులను చేసి పంపెను.

మోటారు బండ్ల చరిత్ర ఆదినుండియు ఇట్టిదే. 1888 ఆగస్టులో జర్మనీ దేశమున బెర్తా బెంజ్ అను స్త్రీ, భర్త నిర్మించిన బండిలో ఇద్దరు కుమారులతో మాన్‌హైమ్ నుండి ఫోర్జ్‌హైమ్‌కు పోయినది. నూనె అయిపోగా ఒక మందుల అంగడివాడు తన దగ్గరనున్న ద్రావకము నమ్మెను. బ్రేకులు అరిగిపోగా చెప్పులు కుట్టువాడు తోలు తొడిగెను. గొట్టము మూసికొనిపోగా తన టోపీసూదితోనే శుభ్రము చేసికొన్నది. అమెరికాలో ఎర్నెస్ట్ హోమ్స్ అనువాడు, వాగులో పడిన మిత్రుని కారును మనుష్యులు త్రాళ్ళతో లాగుటలోని అవస్థ చూచి, 1916లో చెడినబండ్ల నీడ్చు బండిని కల్పించెను. మొదట పొరుగువాని చేయి, పిదప యంత్రము, ఆ పిదప కంపెనీ, రుసుము, షరతులు. మనవారిలో ఏనుగుల వీరాస్వామయ్య 1830లో చెన్నపట్టణము నుండి కాశీకి బోయీలతో, డేరాలతో బయలుదేరి, 1831లో తిరిగి వచ్చెను. అదియు ఒక నడచు ఇల్లే. కాని దానిని మోసినవి మనుష్యుల భుజములు. మన సౌఖ్యపు బరువు ఎవరో ఒకరి మీద పడకమానదు. అది ఎవరి మీదనో తెలిసికొనియుండుట ప్రయాణికుని ధర్మము.

ఇక మేము ఈ వ్యాసము వ్రాయుటకు అసలు కారణము చెప్పవలసియున్నది. ఆనాడు ఎండలో నిలిచి, ఆగక పోయిన బండ్లను లెక్కించితిమి. పదునొకండు పోయినవి. ఒక యువకుడు వేగము తగ్గించి, “ఇల్లే తెచ్చుకున్నారు గదా, లోపల పండుకోండి!” అని నవ్వి పోయెను. కోపము రాలేదు. ఎందుకన, ఆ పదునొకండు బండ్లలోను మేమే కూర్చుండియుంటిమి.

1994లో ఒక రాత్రి మేము సర్కారు జీపులో మధుగిరి వైపు నుండి పావగడకు వచ్చుచుంటిమి. జీతముల సొమ్ము మా ఒడిలో నుండెను. త్రోవ ప్రక్కన ఇరుసు విరిగిన ఎద్దులబండి, ఒక పురుషుడు, బిడ్డ నెత్తుకొన్న స్త్రీ. ఆ పురుషుడు లాంతరు నెత్తి ఊపెను. డ్రైవరు వేగము తగ్గించి మా మొగము చూచెను. “సర్కారు సొమ్మున్నది, పోనీయప్పా” అంటిమి. అతడు పోనిచ్చెను, ఊరు చేరువరకు మరల మాటాడలేదు. ఆ బిడ్డకు జ్వరమో, ఏమో, వారు ఎప్పుడు ఇల్లు చేరిరో నేటికిని తెలియదు.

ఆగకపోవుట పాపమా? చాలకాలము మాలో మేము వాదించుకొంటిమి. దొంగలు ఆపదను నటించి బండ్ల నాపుట లోకమున కలదు. పరుల సొమ్ము చేత నున్నవాడు, స్త్రీలను పిల్లలను వెంట గొనిపోవువాడు భయపడుట తప్పు గాదు. చట్టము గూడ సాయపడుమని నిర్బంధింపదు. ప్రమాదమున గాయపడినవారికి సాయము చేయువారిని పోలీసులు, కోర్టులు వేధింపరాదని 2016లో సుప్రీంకోర్టు తీర్పునిచ్చినది. 2019 మోటారు వాహనముల సవరణ చట్టములో ఆ రక్షణ చేరినది. అది సాయపడువానికి గొడుగు మాత్రమే. ఆ గొడుగు క్రిందికి వచ్చుట మన మనస్సునకు సంబంధించిన పని.

కావున 1994లో మేము ఆగకపోవుట పాపము కాకపోవచ్చును. కాని మరి రెండు మైళ్ళ దూరమున ఒక ఊరుండెను. అచ్చట టీ అంగడి తెరచియుండెను, దీపము వెలుగుచుండెను. జీపు నాపి, అక్కడ బండి విరిగినది, మనుష్యులున్నారు అని ఒక్క మాట చెప్పిన చాలును. ఆ మాట చెప్పలేదు. అదియే మా పాపము. శరీరము నిలువలేకపోయినను వార్త నిలువగలదు. నేడు ఆ వార్త మోయుటకు జీపు నాపవలసిన పనియు లేదు. 112 అను మూడంకెలు చాలును.

మరియొక సందేహము. విలాసమునకై ఇంటిని ఊరేగించువారికి పేదవాడేల జాలిపడవలెను? భారతమున కర్ణుని రథచక్రము నేలలో క్రుంగినప్పుడు అతడు ధర్మము పేరు చెప్పి, ఆగుమని అర్జునుని కోరెను. శ్రీకృష్ణుడు అతని పాత అధర్మముల నొక్కొక్కటిగా ఎంచి చూపెను. కాని అది యుద్ధభూమి; లెక్క చెప్పినవాడు సర్వము నెరిగినవాడు. మనము త్రోవన పోవు మానవులము. చక్రము క్రుంగినవాని పూర్వచరిత్ర మనకు తెలియదు, తెలిసికొను అధికారమును లేదు. అవ్వ మా బండి వెల అడుగలేదు. మా కులమును, జిల్లాను అడుగలేదు. బిడ్డలు దప్పిగొన్నారని మాత్రము చూచినది.

బయలుదేరునప్పుడు అల్లుడు తాళపుచెవి త్రిప్పగా మెకానిక్కు చేయెత్తి ఆపెను. “రాళ్ళు తీయండి సార్. మీ బండి పోతుంది, రాళ్ళు ఉంటాయి. రాత్రి ఎవడో బైకులో వచ్చి పడతాడు” అనెను. చెడిన బండికి కాపుగా పేర్చిన రాళ్ళను బండి కదలినంతనే మరచిపోవుట మన త్రోవలలో నిత్యము చూచునదే. పిల్లలు దిగిరి. మేమును దిగితిమి. వంగుటకు నడుము సహకరింపకున్నను రెండు రాళ్ళు తీసి చేనిగట్టున పెట్టితిమి. చిన్న మనుమరాలు, “తాతా, ఇంకొకటి ఉంది” అని చూపగా దానిని గూడ తీసితిమి. పెనుకొండ ఆనాడు చూడలేదు. ప్రొద్దు క్రుంకుచుండగా మెల్లగా పావగడకు మరలితిమి. త్రోవలో రెండుచోట్ల ఆగి యున్న బండ్లు కనబడినవి; రెండుచోట్లను ఆపి అడిగితిమి. వారికి మా అవసరము లేకపోయెను. అయినను అడిగితిమి.