తెర వెనుక దీపం

ఈమధ్య ప్రవచనాల్లో శరీరాన్ని హార్డ్‌వేర్‌తో, మనసును సాఫ్ట్‌వేర్‌తో, ఆత్మను కరెంటుతో పోల్చడం పరిపాటి అయింది. వినడానికి బాగానే ఉంటుంది. కానీ యంత్రం నిజంగా ఎలా నడుస్తుందో దగ్గరికెళ్లి చూస్తే, అది వేదాంతికే కొమ్ము కాయదు. వెలుగు ఒక్కటేనా, క్షణక్షణం పుట్టి చచ్చేదా అన్న పాత వాదాన్ని మళ్లీ రేపుతుంది. ఆ వాదానికి ఆనవాళ్లు సూర్యాపేట, మిర్యాలగూడ చుట్టుపక్కలే ఉన్నాయి.

కోదాడలో ఇంజినీరింగ్ చదివే కుర్రాడు పాత ల్యాప్‌టాప్‌లో విండోస్ మళ్లీ వేయించాడనుకుందాం. తెర కళ్లు చెదిరేలా వెలుగుతుంది. బ్రైట్‌నెస్ తగ్గించే బటన్లు పలకవు, సెట్టింగ్స్‌లో స్లైడరే కనిపించదు. డివైస్ మేనేజర్ తెరిస్తే ఇంటెల్ పేరో ఎన్‌విడియా పేరో ఉండాల్సిన చోట ‘మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్’ అని ఉంటుంది. అసలు గ్రాఫిక్స్ డ్రైవర్ లేక, బొమ్మ చూపించేంత వరకే పనికొచ్చే డ్రైవర్‌తో మెషీన్ నెట్టుకొస్తోందన్నమాట. తెర వెనకనుండే దీపానికి, అంటే బ్యాక్‌లైట్‌కు, జబ్బు లేదు, తెరకూ లేదు. ఆ మోడల్‌కు తగిన డ్రైవర్ కంపెనీ సైట్ నుంచి తెచ్చి వేస్తే చాలాసార్లు స్లైడర్ తిరిగొస్తుంది.

లినక్స్ వాడేవాళ్లకు ఇంకో అనుభవం. బ్యాక్‌లైట్ చెప్పిన మాట విననప్పుడు కొందరు ‘ఎక్స్‌ర్యాండర్’ కమాండ్‌తో బ్రైట్‌నెస్‌ను 0.5కి దించుతారు. తెర మసకబారుతుంది. వెనకనున్న ఎల్ఈడీలు మాత్రం ఎప్పటిలాగే వెలుగుతుంటాయి. బొమ్మలోని రంగులు నల్లబడ్డాయి, అంతే. ఎల్‌సీడీ తెరకు సొంత వెలుగు లేదు. వెనక నుంచి వచ్చే వెలుగును కొంత ఆపి, కొంత వదిలి బొమ్మ కడుతుంది. దాన్ని నల్లబరిచినంత మాత్రాన దీపం తగ్గినట్టు కాదు.

అద్వైతికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. 14వ శతాబ్దానికి చెందిన విద్యారణ్యుల ‘పంచదశి’లో పదో ప్రకరణం పేరే నాటకదీపం. రంగస్థలం మీది దీపం యజమానినీ, సభికులనూ, నర్తకినీ ఒకే తీరున చూపిస్తుంది. వాళ్లంతా వెళ్లిపోయాక కూడా వెలుగుతూనే ఉంటుంది. అక్కడ యజమాని అహంకారం, సభికులు విషయాలు, నర్తకి బుద్ధి, దీపం సాక్షి. బ్యాక్‌లైట్ కూడా అంతే. పెళ్లి వీడియోకూ పరీక్షా ఫలితానికీ చావు కబురుకూ అది తేడా చూపదు.

మరి బ్యాక్‌లైట్‌నే నిజంగా తగ్గించినప్పుడు ఏం జరుగుతుంది? అసలు చిక్కు ఇక్కడ ఉంది. చాలా ల్యాప్‌టాప్‌లలో ఎల్ఈడీ సన్నగిల్లదు, ఆరి వెలుగుతుంది. పల్స్ విడ్త్ మాడ్యులేషన్ అనే ఈ పద్ధతిలో దీపం సెకనుకు వందల సార్లు, కొన్నింటిలో వేల సార్లు ఆరుతూ వెలుగుతూ ఉంటుంది. వెలుగు సగానికి తగ్గాలంటే సగం సేపు చీకటిగా ఉండాలి. కన్ను ఆ చీకట్లను పట్టుకోలేదు. అంతటినీ కలిపి ఎడతెగని మెత్తని వెలుగుగా చూస్తుంది. అలాంటి తెర ముందు ఫోన్ కెమెరా పెడితే ఒక్కోసారి నల్లటి చారలు కదులుతూ కనబడతాయి. కొందరికి తలనొప్పి తెప్పించేది కూడా ఈ రెపరెపే.

ఒకటే అనుకున్న వెలుగు, వరసగా పుట్టి నశించే వెలుగుల గొలుసు అని తేలుతోంది. ఇది బౌద్ధుల మాట. రాత్రంతా వెలిగిన దీపంలో మొదటి జాము జ్వాలా చివరి జాము జ్వాలా ఒకటేనా అని ‘మిళిందపన్హ’ అనే బౌద్ధ గ్రంథంలో భిక్షువు నాగసేనుడు మిళింద రాజును అడుగుతాడు. ఒకటి కాదు, అలాగని పూర్తిగా వేరూ కాదు అన్న చోటికి సంభాషణ చేరుతుంది. సూర్యాపేట జిల్లాలోని ఫణిగిరి అనిత్యాన్ని నమ్మిన భిక్షువులు శతాబ్దాలపాటు బతికిన కొండ. అక్కడ ఇక్ష్వాకు రాజు రుద్రపురుషదత్తుడి 18వ పాలనా సంవత్సరపు శాసనం దొరికింది.

మిర్యాలగూడ దగ్గర, కృష్ణా మూసీ కలిసే వాడపల్లిలో మూడో మాట వినిపిస్తుంది. లక్ష్మీనరసింహస్వామి గర్భాలయంలో రెండు దీపాలుంటాయి. కింది దీపం కదలదు. స్వామి ముక్కుకు సమంగా ఉన్న దీపం అల్లాడుతూ ఉంటుంది. అది స్వామి ఊపిరని భక్తుల నమ్మకం. బౌద్ధుడికి రెపరెప అనిత్యానికి గుర్తయితే, భక్తుడికి అదే ప్రాణం ఉందనడానికి గుర్తు.

తెర నిర్మాణం వరకే అయితే తీర్పు నాగసేనుడి వైపే. బ్యాటరీ, సర్క్యూట్, డ్రైవర్ అన్నీ కూడితే గానీ ఎల్ఈడీ చెప్పినట్టు వెలగదు. అది స్వయంప్రకాశం కానే కాదు. అంతమాత్రాన విద్యారణ్యులు ఓడినట్టు కాదు. ఆయన దీపాన్ని పోలికగా చూపారే తప్ప దీపమే సాక్షి అనలేదు. రెపరెపను రెపరెపగా తెలుసుకున్నదెవరన్న అద్వైతి ప్రశ్న అలాగే మిగిలి ఉంది. ఆ తెలుసుకోవడం కూడా క్షణక్షణం పుట్టేదే అని బౌద్ధుడి జవాబు. ఇక్కడి నుంచి ల్యాప్‌టాప్ ఇద్దరికీ సాక్ష్యం చెప్పలేదు.

కాబట్టి వేదిక మీద కరెంటు పోలిక చెప్పే పెద్దలు, అది ఎంతదూరం నడుస్తుందో, ఎక్కడ ఆగిపోతుందో కూడా చెప్పాలి. వాళ్లు చెప్పకపోతే వినేవాళ్లయినా అడగాలి.